దిగుడులో సైకిల్ వణికితే ఏం చేయాలి? రోడ్ బైక్ నడిపేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మన్ననూరు నుంచి హాజీపూర్ వైపు దిగేటప్పుడో, దోమలపెంట దాటి పాతాళగంగ వైపు ఘాట్‌లో పోయేటప్పుడో హ్యాండిల్ ఉన్నట్టుండి కుడిఎడమలకు కొట్టుకోవడం మొదలైందని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కిందికి చేరామని చెప్పే సైకిల్ మిత్రులు నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో నాకు చాలామంది ఉన్నారు. నేనూ ఆ అనుభవం చవిచూసినవాడినే. ప్రతి వానకాలం ముగిసి శ్రీశైలం యాత్రలు మొదలు కాగానే అవే సందేహాలు మళ్లీ వస్తుంటాయి కనుక వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి ఏది అవసరమో దానిని మాత్రమే చదువుకోవచ్చు.

## అసలు ఇది ఏమిటి

సైకిల్ వణకడం అంటే సరిగ్గా ఏం జరుగుతుంది?

దిగుడులో వేగం పెరిగిన తర్వాత, సాధారణంగా గంటకు 45 కిలోమీటర్లు దాటాక, ముందు చక్రం, దానిని పట్టి ఉంచే రెండు కాళ్ల ఫోర్క్‌తో సహా, కుడికీ ఎడమకూ వేగంగా కొట్టుకోవడం మొదలవుతుంది. ఈ కొట్టుకోవడం సెకనుకు నాలుగు నుంచి పది సార్ల వరకు ఉంటుంది. మొదట అరచేతులకు మాత్రమే తెలిసే చిన్న అదురుగా ఉండి, రెండు మూడు సెకన్లలోనే సీటు కింది ఫ్రేమ్ కూడా మెలితిరుగుతున్నట్టు అనిపించేంతగా పెరుగుతుంది. గుంతల వల్ల వచ్చే కుదుపు పైకీ కిందికీ ఉంటుంది. ఇది పక్కలకు ఉంటుంది, నున్నటి తారు రోడ్డు మీద కూడా వస్తుంది, దానంతట అది పెరుగుతుంది.

ఎందుకు వస్తుంది? సైకిల్‌లో ఏదో ఊడిపోయిందా?

చాలా సందర్భాల్లో ఏదీ ఊడిపోయి ఉండదు. ఆసుపత్రిలో స్ట్రెచర్‌ను వేగంగా తోసుకుపోతున్నప్పుడు దాని చిన్న చక్రం ఒకటి గిలగిలా కొట్టుకోవడం చూసే ఉంటారు. అక్కడ జరిగేదానికి ఇది దగ్గరి చుట్టమే. ముందు చక్రం కొద్దిగా ఎడమకు తిరిగితే నేలను తాకే టైరు భాగం దానిని వెనక్కి, అంటే మధ్యకు లాగుతుంది. అలా లాగినప్పుడు చక్రం మధ్యలో ఆగక కుడికి దాటిపోతుంది, ఈలోగా ఫ్రేమ్ కూడా స్ప్రింగు లాగా కొద్దిగా మెలితిరిగి మళ్లీ విప్పుకుంటుంది. తక్కువ వేగంలో ఈ ఊగుడు రెండు మూడు సార్లకే అణగిపోతుంది. ఒక హద్దు దాటిన వేగంలో మాత్రం ముందుకు పోతున్న సైకిల్ చలనంలోని శక్తే ఈ ఊగుడుకు ఆహారమవుతుంది కనుక అది అణగకపోగా ప్రతి ఊపుకూ పెద్దదవుతుంది. టైరు, చక్రం, ఫోర్క్, ఫ్రేమ్, సీటు మీద కూర్చున్న మనిషి, హ్యాండిల్ పట్టుకున్న చేతులు, ఇవన్నీ కలిసిన మొత్తానికి ఉన్న స్వభావం ఇది. అందువల్ల ఏ ఒక్క భాగాన్నో దోషిగా నిలబెట్టి మార్చినంత మాత్రాన ప్రతిసారీ పోదు.

నాకు వస్తోంది, అదే కంపెనీ అదే మోడల్ నడిపే మిత్రుడికి రావడం లేదు. ఎందుకు?

మీ ఇద్దరి బరువు ఒకటి కాదు, ఎత్తు ఒకటి కాదు, ఫ్రేమ్ కొలత బహుశా ఒకటి కాదు, సీటు మీద కూర్చునే తీరూ ఒకటి కాదు. పొడవైన మనిషి, పెద్ద కొలత ఫ్రేమ్, బాగా పైకి లేపిన సీటు కలిసినచోట ఈ వణుకు ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే పొడవైన గొట్టాలున్న ఫ్రేమ్ పొట్టి ఫ్రేమ్ కంటే సులువుగా మెలితిరుగుతుంది. పరీక్షగా, వణుకు మొదలయ్యే వేగాన్ని మించకుండా, జాగ్రత్తగా, ఇద్దరూ ముందు చక్రాలను మార్చుకుని చూడండి. వణుకు చక్రంతో పాటు అవతలి సైకిల్‌కు పోయిందంటే వెతకవలసిన చోటు దొరికినట్టే.

మా నాన్న ముప్పై ఏండ్లు అట్లాస్ సైకిల్ తొక్కిండు, ఎన్నడూ ఇట్ల కాలేదు. కొత్త సైకిళ్లే నాసిరకమా?

నాసిరకం కాదు, వాటి పని వేరు. పాత సైకిల్‌లో హ్యాండిల్ గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, వేగమూ అరుదుగా 25 కిలోమీటర్లు దాటేది. రోడ్ బైక్‌లో ఆ గొట్టం నిటారుగా, సుమారు 72 నుంచి 74 డిగ్రీల కోణంలో ఉంటుంది, తేలికపాటి గొట్టాలతో చేస్తారు, ఘాట్‌లో 60 కిలోమీటర్లు ఇట్టే అందుకుంటుంది. పాత సైకిల్‌కు వణుకు అసలే రాలేదనడం కూడా సరికాదు. వెనక క్యారియర్‌కు రెండువైపులా నిండు పాలక్యాన్లు కట్టుకుని వాలులో దిగిన వారిని అడిగి చూడండి, హ్యాండిల్ ఎలా ఆడేదో వాళ్లు చేతులతో చూపిస్తారు.

పక్క నుంచి లారీ పోయినప్పుడు సైకిల్ ఊగుతుంది. అది కూడా ఇదేనా?

కాదు. 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి మధ్య పోయేవారికి అది రోజూ తెలిసేదే. లారీ మొదట గాలిని మన మీదికి తోసి, దాటగానే తనవైపు లాగుతుంది. ఆ ఊపు ఒకటి రెండు సార్లతో ముగుస్తుంది. లోతైన రిమ్ములున్న చక్రాలకు ఇది ఎక్కువ. అయితే ఘాట్‌లో మంచి వేగంలో ఉన్నప్పుడు ఇలాంటి గాలి దెబ్బే అసలు వణుకును మొదలుపెట్టే తొలి తోపు కావచ్చు.

చలికాలం పొద్దున్నే దిగితేనే వస్తోంది, ఎండకాలంలో రావడం లేదు. ఇది నా భ్రమా?

భ్రమ ఎంతమాత్రం కాదు. చలికి ఒళ్లు వణికే వేగం సైకిల్ ముందు భాగం ఊగే వేగానికి దగ్గరగా ఉంటుంది. బిగుసుకుపోయిన భుజాలు, నేరుగా చాచిన చేతులు ఆ చలి వణుకును నేరుగా హ్యాండిల్‌కు అందిస్తాయి, ఊయలలోని పిల్లను సరైన అదనుకు తోసినట్టు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు రాకపోకలు నిషేధం కనుక చాలామంది గేటు తెరవగానే బయలుదేరుతారు. డిసెంబరులో ఆ వేళకు నల్లమలలో చలి ఎముకలు కొరుకుతూ ఉంటుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు మంచులా మారుతుంది. దిగడానికి ముందు ఆగి గాలి దూరని పలుచటి జాకెట్టు, చేతితొడుగులు వేసుకోండి. ఏమీ లేకపోతే టీ కొట్టులో ఒక దినపత్రిక అడిగి జెర్సీ లోపల ఛాతీకి అడ్డంగా పెట్టుకున్నా సరిపోతుంది.

## బయలుదేరే ముందు ఇంట్లో

హ్యాండిల్ దగ్గర లూజు ఉందో లేదో నేనే ఎలా తెలుసుకోవాలి?

ఇది అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష, రెండు నిమిషాల పని. సైకిల్ పక్కన నిలబడి ముందు బ్రేకును గట్టిగా పట్టండి. ఎడమచేతి చూపుడు వేలును ఫ్రేమ్ గొట్టం, ఫోర్క్ కలిసే సందు మీద, సగం గొట్టానికీ సగం ఫోర్క్‌కూ తగిలేలా పెట్టండి. ఇప్పుడు సైకిల్‌ను ముందుకూ వెనక్కూ చిన్నగా ఊపండి. వేలి కింద గోరంచు మందం కదలిక తెలిసినా, చిన్న ‘టిక్కు’ వినిపించినా లోపలి బేరింగులు వదులైనట్టే. కంటికి ఆ కదలిక కనిపించదు, వేలికి మాత్రమే అందుతుంది. హ్యాండిల్‌ను అడ్డంగా తిప్పి పెట్టి కూడా ఒకసారి ఊపి చూడండి, ఎందుకంటే బ్రేకులోని చిన్న లూజు కూడా ఒక్కోసారి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

రెండో పరీక్షగా, పై కడ్డీని పట్టుకుని ముందు చక్రాన్ని గాలిలోకి లేపి హ్యాండిల్‌ను వేలితో మెల్లగా తాకండి. చక్రం తనంతట తాను ఏదో ఒక పక్కకు వాలిపోవాలి. సరిగ్గా మధ్యలో ఆగి, గుంతలో కూర్చున్నట్టు అక్కడే నిలుస్తుంటే బేరింగు గోళీలు నడిచే దారిలో సొట్టలు పడ్డాయన్నమాట. బిగించితే ఈ దోషం పోదు, బేరింగులు మార్చాల్సిందే.

లూజు ఉంటే నేనే బిగించుకోవచ్చా?

బిగించుకోవచ్చు, అయితే వరుస తప్పకూడదు. మొదట స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్ గొట్టానికి కలిపే ముక్క) పక్కనున్న రెండు బోల్టులను వదులు చేయాలి, ఆ తర్వాతే పై మూత బోల్టును కొద్దికొద్దిగా, పావు చుట్టు చొప్పున, లూజు పోయేంతవరకు మాత్రమే తిప్పాలి. పిదప చక్రానికి నేరుగా హ్యాండిల్‌ను సరిచూసుకుని పక్క బోల్టులను బిగించాలి. స్టెమ్ మీద సాధారణంగా 5 లేదా 6 న్యూటన్ మీటర్లని అచ్చు వేసి ఉంటుంది, కార్బన్ గొట్టం ఉన్నవారు ఆ అంకె దాటకూడదు. పక్క బోల్టులు వదులు చేయకుండా పై మూతను ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఎక్కువ బిగిస్తే హ్యాండిల్ బరువెక్కి సైకిల్ నేరుగా పోవడమే కష్టమవుతుంది.

చక్రంలో ఏమేం చూడాలి?

మొదట ఇరుసు. రిమ్మును బ్రేకు దగ్గర పట్టుకుని పక్కలకు లాగండి, కటకటమంటే హబ్‌లోని, అంటే చక్రం నడిమి భాగంలోని, బేరింగు వదులుగా ఉంది. తర్వాత చక్రాన్ని బిగించి ఉంచే క్విక్ రిలీజ్ మీట. అది సగం దూరం మూసేసరికే అరచేతికి ఎదురు తగలాలి, పూర్తిగా మూసినప్పుడు అరచేతిలో దాని ముద్ర పడాలి. ఆ తర్వాత పుల్లలు. పక్కపక్క పుల్లలను జతగా వేళ్లతో నొక్కుతూ చక్రం చుట్టూ వస్తే వదులైనవి మెత్తగా తగులుతాయి. చివరికి చక్రాన్ని తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు ఎక్కడైనా తగ్గుతోందా, టైరు అంచు మీది గీత ఎక్కడైనా రిమ్ములోకి దిగిపోయిందా అని చూడండి. టైరు సరిగ్గా కూర్చోకపోవడం పంచర్ వేయించిన మరునాడు ఎక్కువగా కనిపించే దోషం.

చక్రం బరువు ఒక పక్క ఎక్కువైతే కూడా వణుకు వస్తుందంటారు, నిజమేనా?

నిజమే, దీనికి చిన్న లెక్క ఉంది. 25 మిల్లీమీటర్ల టైరు వేసిన రోడ్ బైక్ చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. గంటకు 45 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు దాదాపు ఆరు సార్లు, 60 కిలోమీటర్ల వేగంలో దాదాపు ఎనిమిది సార్లు తిరుగుతుంది. ముందు భాగం ఊగే సహజ వేగం కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కనుక చక్రంలో ఒకవైపు బరువు ఎక్కువైతే అది ప్రతి చుట్టుకూ ఒక తోపు ఇస్తుంది. సైకిల్‌ను ఎత్తి పట్టి చక్రాన్ని మెల్లగా వదిలేస్తే బరువైన చోటు కిందికి వచ్చి ఆగుతుంది. సాధారణంగా అది వాల్వు ఉన్నచోటో, దానికి ఎదురుగా రిమ్ము అతుకు ఉన్నచోటో అవుతుంది. పైకి వచ్చిన చోట ఉన్న పుల్లకు కొంచెం సీసపు తీగ చుట్టి టేపు వేస్తే సమానమవుతుంది. ఇది మొదట చేయవలసిన పని మాత్రం కాదు. లూజులన్నీ సరిచేశాక కూడా వణుకు ఉంటేనే దీని జోలికి పోండి.

గాలి ఎంత కొట్టాలి?

70 కిలోల మనిషికి 25 మిల్లీమీటర్ల టైరైతే 80 నుంచి 90 పీఎస్ఐ (గాలి పీడనం కొలత), 28 మిల్లీమీటర్లదైతే 65 నుంచి 75 పీఎస్ఐ మంచి మొదలు. ముందు టైరుకు వెనకదాని కంటే కొద్దిగా తక్కువ ఉండాలి. గాలి ఎక్కువైతే వేగంగా పోతుందనే నమ్మకంతో రాయిలా కొట్టించేవారున్నారు. అలాంటి టైరు రోడ్డు అదురును మింగదు, మొత్తం హ్యాండిల్‌కు పంపిస్తుంది. వణుకు వచ్చే సైకిల్‌కు ముందు టైరులో 5 నుంచి 10 పీఎస్ఐ తగ్గించి చూడడం ఖర్చులేని ప్రయోగం. పెట్రోలు బంకుల్లోని గాలి గొట్టం మన సన్నటి వాల్వుకు నేరుగా పట్టదు కనుక మీటరున్న నిలువు పంపు ఇంట్లో ఉండాలి.

శ్రీశైలం పోవడానికి బ్యాగులు కట్టుకోవాలి. ఎక్కడ కడితే మంచిది?

బరువు ఎంత కిందికి, ఎంత మధ్యకు, ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిది. ఫ్రేమ్ త్రికోణంలో పట్టే బ్యాగు అన్నింటికంటే మేలు. సీటు వెనక తోకలా వేలాడే పొడవైన బ్యాగు ఊగుతూ ఉంటుంది, దాని ఊపు సైకిల్ ఊపుకు తోడవుతుంది. హ్యాండిల్ మీద బరువు పెట్టవలసి వస్తే తేలికైన బట్టలే పెట్టండి, తాళాలు, పనిముట్లు, నీళ్లు పెట్టకండి. కట్టిన తర్వాత సైకిల్‌ను పక్కలకు కుదిపి చూస్తే ఏది విడిగా కదులుతోందో తెలిసిపోతుంది.

## దిగుడులో, వణుకు మొదలైనప్పుడు

మొదలైన ఆ క్షణంలో చేయవలసిన మొట్టమొదటి పని ఏమిటి?

మోకాలిని పై కడ్డీకి గట్టిగా ఆనించండి. చిన్నప్పుడు మనల్ని కూర్చోబెట్టుకుని తిప్పిన ఆ కడ్డీయే. తొక్కడం ఆపి, పెడల్స్ రెండూ సమాన ఎత్తులో ఉంచి, ఒక మోకాలితోనైనా రెండింటితోనైనా కడ్డీని అదిమి పట్టాలి. ఫ్రేమ్ స్ప్రింగులా మెలితిరగడం వల్లనే ఊగుడు బతుకుతోంది. దానికి మన కాలి కండ, కాలి బరువు అంటుకోగానే ఆ స్ప్రింగు ఊపు అణగి ఊగుడులోని శక్తి కాలిలో ఇంకిపోతుంది. సాధారణంగా రెండు మూడు సెకన్లలో తగ్గుతుంది.

దీనితో పాటే సీటు మీద నుంచి శరీరాన్ని ఒక కాగితం దూరేంత మాత్రం లేపి బరువును పెడల్స్ మీదికి తేవాలి. పూర్తిగా లేచి నిలబడకూడదు. చేతుల పట్టును వదులు చేయాలి, మోచేతులను వంచాలి, చూపు చక్రం మీద కాక ముందు రోడ్డు మీద ఉండాలి.

హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటే ఆగదా?

ఆగదు. ఎక్కువమంది కింద పడేది ఈ గట్టి పట్టు వల్లనే అని నా నమ్మకం. మొదటిసారి నాకు వచ్చినప్పుడు నేను చేసింది అదే. మన్ననూరు దిగుడు, డిసెంబరు ఉదయం, మీటరు మీద 55 చూశాను, మరుక్షణం ఆ అంకెలు రెండేసిగా కనిపించాయి. నీళ్ల సీసా దాని స్టాండులో టకటకా కొట్టుకుంటోంది, బ్రేకు మీటలు వేళ్లకు తగిలి తప్పిపోతున్నాయి. భుజాల దాకా బిగించి హ్యాండిల్‌ను కదలనీయకుండా నొక్కిపట్టాను, నొక్కినకొద్దీ ఊపు పెద్దదైంది. కూర్చోవడం భరించలేక లేవబోయినప్పుడు కుడి మోకాలు కడ్డీకి ఆనింది. ఆ ఆనడంతోనే, ఎవరో పట్టుకుని ఆపినట్టు, ఊగుడు ఆగిపోయింది. కింద రోడ్డు పక్కన ఆగి చూస్తే అరచేతుల్లో హ్యాండిల్ టేపు అచ్చు పడి ఉంది. బిగుసుకున్న చేతులు ఊగుడును పీల్చుకోవు, అవి కూడా ఒక స్ప్రింగుగా మారి దానికే తోడవుతాయి. వదులుగా వంగిన మోచేతులు పీల్చుకుంటాయి.

అయితే చేతులు పూర్తిగా వదిలేయాలా?

వద్దు. పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకోవాలి, నలపకూడదు, ఎగిరిపోనీయకూడదు. బొటనవేలు హ్యాండిల్ కింది నుంచి చుట్టి ఉండాలి, చిన్న గుంత తగిలినా చేయి జారకుండా.

బ్రేకు వేయవచ్చా? ముందుదా, వెనకదా?

మోకాలు ఆనించిన తర్వాత వేయవచ్చు, వేయాలి కూడా, ఎందుకంటే ఊగుడు పుట్టిన వేగం కిందికి దిగితేనే అది పూర్తిగా పోతుంది. వెనక బ్రేకును ముందుగా, మెత్తగా, సాగదీసినట్టు పట్టండి. ముందు బ్రేకును దానికి తోడుగా కొద్దిగా కలపవచ్చు. భయంతో ముందు బ్రేకును ఒక్కసారిగా పిండితే బరువంతా అప్పటికే ఊగుతున్న ముందు చక్రం మీద పడుతుంది, ఆ చక్రం పక్కకు తిరిగి ఉన్న క్షణంలోనే అది జరిగితే పట్టు జారిపోతుంది.

తొక్కుతూ ఉంటే రాదంటారు, వేగం ఇంకా పెంచితే దాటిపోతుందంటారు. ఇవి నమ్మవచ్చా?

మొదటిదానిలో నిజం ఉంది. తొక్కేటప్పుడు కాళ్లలో బరువు ఉంటుంది, సీటు మీద బరువు తగ్గుతుంది, తొడలు కదులుతూ ఉంటాయి కనుక ఊగుడు నిలదొక్కుకోలేదు. రెండోదానిని దయచేసి ఎవరూ ప్రయత్నించకండి. కొన్ని సైకిళ్లలో ఒక వేగం దాటితే తగ్గవచ్చు, కొన్నింటిలో పెరుగుతూనే పోతుంది. మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఘాట్ రోడ్డు చోటు కాదు.

మలుపు దగ్గరికి వచ్చాక మొదలైతే?

మలుపులోకి దిగకముందే వేగం తగ్గించండి. మలుపులోనే ఉంటే బయటివైపు మోకాలిని కడ్డీకి ఆనించి, బయటివైపు పెడల్ మీద బరువు వేసి, గీసుకున్న దారిని మార్చకుండా పోవాలి. ఎదురుగా బస్సు లేదని తెలిసినా రోడ్డు మధ్య గీత దాటకండి.

రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, కోతులు అడ్డం వస్తున్నాయి. వణుకుతో పాటు ఇవి కూడా వస్తే ఎలా?

వానకాలం, యాసంగి కోతల సమయంలో ఊరి రోడ్ల మీద వడ్లు, మక్కజొన్నలు ఆరబోయడం మన దగ్గర మామూలే. శ్రీశైలం ఘాట్‌లో యాత్రికులు ఆహారం వేసేచోట కోతులు గుంపులుగా కూర్చుంటాయి. వీటికి వణుకు ఆపే ఉపాయం ఏదీ పనికిరాదు, తక్కువ వేగం ఒక్కటే పనికి వస్తుంది. గింజల మీద బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, నేరుగా దాటిపోవాలి. తెలియని దిగుడును మొదటిసారి 35 కిలోమీటర్లకు మించకుండా దిగండి.

## ఆగిన తర్వాత

ఆగిపోయింది. మళ్లీ ఎక్కి వెళ్లిపోవచ్చా?

వెంటనే వద్దు. రోడ్డు దిగి, మలుపుకు దూరంగా సైకిల్‌ను ఆపి అయిదు నిమిషాలు కూర్చోండి. కాళ్లు వణకడం తగ్గాక ముందు చక్రం మీట బిగువు, హ్యాండిల్ లూజు, టైరు అంచు, పుల్లలు చూడండి. రిమ్ బ్రేకులతో చాలాసేపు దిగి ఉంటే రిమ్మును వెంటనే తాకకండి, కాలుతుంది. ఆ వేడికి ట్యూబు లోపల గాలి పీడనం కూడా పెరిగి ఉంటుంది కనుక చల్లారనివ్వండి. ఏదైనా పగులు కనిపించినా, ఫోర్క్ దగ్గర కొత్తగా కిర్రుమనే చప్పుడు వచ్చినా నడిపించుకుంటూ దిగండి, లేదా వచ్చే బండిని ఆపండి. మన్ననూరు, దోమలపెంట మధ్య చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు కనుక ఒంటరిగా పోకపోవడమే మంచిది.

కింద పడ్డాను, దెబ్బలు పెద్దగా లేవు. సైకిల్‌కు ఏం చూడాలి?

ముందు మీకు ఏం చూడాలో చెబుతాను. తలకు దెబ్బ తగిలి హెల్మెట్ పగిలినా, తల తిరిగినా, వాంతి వచ్చినా, ఏం జరిగిందో గుర్తు లేకపోయినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయాలి. దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదు. సైకిల్ విషయానికి వస్తే కార్బన్ ఫోర్క్ మీద వేలిగోరుతో తడుముతూ గీతల కోసం వెతకండి, నాణెంతో మెల్లగా తట్టండి. ఒకచోట గణగణ, మరొకచోట మొద్దుగా పలికితే దానిని నమ్మి మళ్లీ దిగుడుకు పోవద్దు.

## షాపులో, ఆ తర్వాత

మెకానిక్‌కు ఏమని చెప్పాలి? సర్వీసింగ్ చేయించినా మళ్లీ వస్తోంది.

‘సర్వీసింగ్ చేయండి’ అని అప్పగిస్తే కడిగి, గొలుసుకు నూనె వేసి ఇస్తారు. ఏ వేగంలో వచ్చింది, చేతులు ఎక్కడ ఉన్నాయి, సీటు మీద కూర్చున్నారా, బ్యాగు ఉందా, ఎంత గాలి ఉంది, ఇవన్నీ చీటీ మీద రాసి ఇవ్వండి. ఫోర్క్ పై బేరింగులు, ముందు హబ్, పుల్లల బిగువు, చక్రం వంకర, ఫ్రేమ్ నేరుగా ఉందో లేదో, ఈ అయిదూ ఈ వరుసలో చూడమని అడగండి. నాకు వణుకు వచ్చిన వారంలో ఒక షాపులో ‘కార్బన్ సైకిళ్లన్నీ ఇంతే’ అని తిప్పి పంపారు. ఇంటికి వచ్చి వేలు పెట్టి చూస్తే ఫోర్క్ పైన గోరంచు మందం లూజు ఉంది. ‘ఇంతే’ అనే జవాబును ఎవరి నుంచీ ఒప్పుకోకండి.

లూజు ఎక్కడా లేదు, చక్రం నేరుగా ఉంది. ఇంకేం మార్చవచ్చు?

ఒకసారి ఒక్కటే మార్చి చూడండి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సీటును అయిదు మిల్లీమీటర్లు ముందుకు జరపడం, ముందు టైరు గాలి తగ్గించడం, 25 బదులు 28 టైరు వేయడం, స్టెమ్ పొడవు మార్చడం, చక్రం మార్చడం, ఈ వరుస ఖర్చును బట్టి కూడా సరైనదే. ఆఖరిగా ఫోర్క్.

స్టీల్ సైకిల్ కొంటే సమస్య తీరుతుందా? డిస్క్ బ్రేకుల సైకిల్ అయితే?

ఫ్రేమ్ దేనితో చేశారో చూసి తీర్పు చెప్పలేము. సన్నటి గొట్టాల పెద్ద స్టీల్ ఫ్రేమ్‌కు వణుకు రావచ్చు, బిగువైన కార్బన్ ఫ్రేమ్‌కు రాకపోవచ్చు. డిస్క్ సైకిళ్లలో మందమైన ఇరుసు ముందు భాగాన్ని కొంత గట్టిపరుస్తుంది కానీ పూర్తి హామీ ఇవ్వదు. మీ ఎత్తుకు సరైన కొలత ఫ్రేమ్ కొనడం అన్నింటికంటే ముఖ్యం.

మోటారు సైకిల్‌కు కూడా ఇదే పద్ధతా?

ట్యాంకును మోకాళ్లతో పట్టడం, చేతులు వదులు చేయడం, మెల్లగా వేగం తగ్గించడం అక్కడ కూడా వర్తిస్తాయి. కొన్ని మోటారు సైకిళ్లకు హ్యాండిల్ ఊపును అణచే డ్యాంపర్ ఉంటుంది, రోడ్ బైక్‌కు ఆ పని మన మోకాలే చేయాలి.

అన్నీ సరిచేయించాను, అయినా దిగుడు చూస్తేనే ఒళ్లు బిగుసుకుంటోంది. ఎలా పోగొట్టుకోవాలి?

ఆ బిగుసుకోవడాన్ని చిన్నచూపు చూడకండి, అది మళ్లీ వణుకును పిలుస్తుంది. నాకు ఆ భయం పోవడానికి రెండు నెలలు పట్టింది. మొదటి వారం ఊరి బయట చదునైన రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగంలో తొక్కడం ఆపి, పెడల్స్ సమానం చేసి, మోకాలు కడ్డీకి ఆనించి, సీటు మీద నుంచి కొద్దిగా లేవడం ఒక్కటే చేశాను, రోజుకు ముప్పై సార్లు, ఆలోచన లేకుండా కాలు తనంతట తాను పోయేదాకా. తర్వాత చిన్న దిగుడులు. మహబూబ్‌నగర్ వారికి మన్యంకొండ గుడి రోడ్డు, నార్కట్‌పల్లి వారికి చెరువుగట్టు, అచ్చంపేట వారికి ఉమామహేశ్వరం, సాగర్ వారికి హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీకి దిగే దారి అందుకు పనికివస్తాయి. జాతర రోజులు తప్పించి, మామూలు రోజున పొద్దున్నే, ట్రాఫిక్ లేని వేళకు పోండి. మొదటి రోజు 25, వారం తర్వాత 30, అలా వారానికి అయిదేసి కిలోమీటర్లు మాత్రమే పెంచండి. దిగేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా నోటితో బయటికి వదులుతూ ఉండండి, ఊపిరి వదిలితే భుజాలు వాటంతట అవే దిగుతాయి. మోకాలు ముందునుంచే కడ్డీకి తాకుతూ ఉండేలా దిగడం నాకు ఇప్పటికీ అలవాటు.